నాలుగు మూలలా పసుపు

పోయిన వారం ఇంద్రజను మనం ఒక సంతకం దగ్గర వదిలేశాం. ఆమె పెద్దిరాజు విశ్వవిద్యాలయంలో అడ్మిషన్ల అధికారిణి. ఢిల్లీలో అచ్చయ్యే ఒక ఇంగ్లీషు వారపత్రిక ఏటా దేశంలోని విశ్వవిద్యాలయాలకు ర్యాంకులిస్తుంది. కిందటేడు వీళ్ళకు నూట ముప్ఫై ఎనిమిదో ర్యాంకు వచ్చింది. ఈ ఏడు, అంటే రెండువేల అయిదులో, ఎలాగైనా యాభై లోపుకి రావాలని ఛాన్సలర్ మాధవరాజు గారి పట్టుదల. అందుకోసం హైదరాబాదు నుంచి వరుణ్ అనే కన్సల్టెంటును పిలిపించారు. ఎంతమందికి సీటిచ్చారన్నది కాదు, ఎంతమందిని కాదన్నారన్నదే పరువు అని ఆ కుర్రాడు మొదటి మీటింగులోనే తేల్చి చెప్పాడు.

అతను తయారుచేసిన స్టేట్‌మెంటు బుధవారం సాయంత్రం ఇంద్రజ బల్ల మీదికి వచ్చింది. మూడు వందల అరవై సీట్లు, తొమ్మిది వేల నాలుగు వందల దరఖాస్తులు. నూటికి నలుగురికి మాత్రమే ప్రవేశం. అందులో నిజంగా సీటు కోరి వచ్చిన దరఖాస్తులు పద్ధెనిమిది వందల ఎనభై. మిగిలిన ఏడు వేల అయిదు వందల ఇరవై, జనవరిలో జూనియర్ కాలేజీల్లో పెట్టిన ఉచిత ప్రతిభా పరీక్ష ఫారాలు. ఫారం వెనక చిన్న అక్షరాల్లో ‘దీనిని ప్రవేశ దరఖాస్తుగా కూడా పరిగణించవచ్చు’ అని ఒక లైను ఉంది. దాన్ని చదివిన పిల్లవాడు ఈ రెండు జిల్లాల్లో ఒక్కడూ లేడు. ఆ సంగతి ఇంద్రజకు తెలుసు. అందుకే కలం మూత తీసి, మళ్ళీ పెట్టేసి, రేపు చూద్దాంలే అనుకుని రాజమండ్రి బస్సెక్కింది.

రేపు అనుకున్న రోజు వచ్చేసింది. స్టేట్‌మెంటు సాయంత్రం అయిదింటిలోపు ఢిల్లీకి ఫ్యాక్సులో వెళ్ళాలి. పొద్దున్న పదిన్నరకు ఆఫీసుకు వచ్చేసరికి ఆమె గది ముందు బెంచీ మీద ఒక తండ్రీ కూతురూ కూర్చుని ఉన్నారు. తండ్రి ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నీరుకావి పంచె. చేతిలో మూతకు గుడ్డ కట్టిన స్టీలు క్యాను.

“నా పేరు గంగరాజండి. ద్రాక్షారామం అవతల లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరుగా చేస్తానండి. ఇది మా అమ్మాయి మంజుషండి. జాయిన్ చెయ్యడానికి తీసుకొచ్చానండి.”

“జాయినింగా? మా అడ్మిషన్లు అయిపోయాయండి. సీట్లన్నీ నిండి పదిహేను రోజులైంది.”

“ఆయ్, ఉత్తరం వచ్చిందండి మాకు. నిన్న దాకా కాలవకి నీళ్ళొదిలే పనిలో ఉండిపోయి రాలేకపోయానండి. కాస్త ఆలస్యమైంది, తప్పే.”

అతను చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులోంచి మడత నలగని కాగితం ఒకటి తీసి, రెండు చేతులతో ఆమె బల్ల మీద పెట్టాడు. విశ్వవిద్యాలయం లెటర్‌హెడ్. నాలుగు మూలలా పసుపు.

ఇంద్రజ కుర్చీలో కూర్చోబోయి ఆగిపోయింది. ఆ పసుపును ఆమె మొదటిసారి చూడటం కాదు.

జూన్ నెలలో నాలుగు రోజులపాటు హాస్టల్ మెస్సులో పనిచేసే ఆడవాళ్ళను వరండాలో బారుగా కూర్చోబెట్టారు. ఒక్కొక్కరి ముందూ గిన్నెలో తడిపిన పసుపు. ప్రింటయి వచ్చిన ఉత్తరాలకు మూలలు అద్దటం, ఆరబెట్టటం, కవర్లలో పెట్టటం. అదంతా మాధవరాజు గారి ఆజ్ఞ. ‘మా నాన్నగారి పేరు మీద పోయే ఉత్తరం ఏదీ బోసిగా పోకూడదమ్మా’ అని ఆయన స్వయంగా వచ్చి చెప్పి వెళ్ళారు. వాళ్ళ నాన్న పెద్దిరాజు గారు తన బతుకులో గుమ్మంలోకి వచ్చిన మనిషికి లేదని చెప్పి పంపింది లేదట. మూడు వందల అరవై ఉత్తరాలకు పసుపు పెట్టమని ఆయన ఉద్దేశమో, మొత్తానికా అన్నది ఎవరూ అడగలేదు. మెస్సు ఆడవాళ్ళు ముందున్న కట్టలన్నిటికీ పెట్టేశారు. ఇంద్రజ కూడా ఒక రోజు అటుగా వెళ్తూ సరదాగా కూర్చుని ఓ పది కాగితాలకు అద్దింది. అద్దుతున్న కాగితం మీద ఏం రాసి ఉందో చూడలేదు. చదువుకున్న మనిషి, స్టాటిస్టిక్సులో ఎమ్మెస్సీ, చూడాలని తోచలేదు.

ఇప్పుడు చూసింది. అది వరుణ్ రాసిన ఇంగ్లీషు. మొదటి మాట కంగ్రాచ్యులేషన్స్. ప్రతిభా పరీక్షలో పాల్గొన్నందుకు అభినందనలట. రెండో పేరా అంతా విశ్వవిద్యాలయం గొప్పతనం. మూడో పేరాలో, నాలుగు లైన్ల పొడుగున్న ఒక వాక్యం చివర్లో, ఈ సంవత్సరానికి మీకు స్థానం కల్పించలేని పరిస్థితి అని మెత్తగా ఉంది. ఆ తర్వాత ఉజ్జ్వల భవిష్యత్తు కోరుతూ సెలవు. లేదు అన్న మాట కనపడకుండా లేదని చెప్పటమే స్టాండర్డ్ అని వరుణ్ అప్పట్లో అందరి ముందూ మురిసిపోయాడు.

“ఇది సీటిచ్చిన ఉత్తరం కాదండీ, గంగరాజు గారూ.”

గంగరాజు నవ్వాడు. పెద్దవాళ్ళు తమాషాకి అన్న మాటకు నవ్వినట్టు నవ్వి, కాగితం మూల వేలితో చూపించాడు.

“పసుపు పెట్టి లేదని ఎవరైనా చెబుతారేంటండి?”

అతనన్నదాంట్లో తప్పేముంది? శుభవార్తకు పసుపు పెడతారు. చావు కబురైతే అంచుకు నల్లసిరా రాస్తారు. ఈ దేశంలో అక్షరం రాని ముసలమ్మ కూడా కవరు చేతికి రాగానే ముందు మూలలు చూస్తుంది. ఆ భాషలో ఏడు వేల అయిదు వందల ఇళ్ళకు రమ్మని కబురు పెట్టి, ఇంగ్లీషులో పొమ్మని చెప్పారు.

“నేను చెప్పానండి నాన్నకి.” అప్పటిదాకా తలొంచుకుని కూర్చున్న మంజుష మెల్లగా అంది. పదిహేడేళ్ళుంటాయి. రెండు జడలు, చేతిలో సర్టిఫికెట్ల ఫైలు. “ఇందులో సీటు అన్న మాట ఎక్కడా లేదు నాన్నా అన్నానండి. ఊళ్ళో పోస్టుమాస్టరు గారికి చూపించారు. ఆయన మొదటి లైను చదివి కంగ్రాచ్యులేషన్స్ అన్నారు. మా నానమ్మేమో పసుపు చూసి దేవుడి దగ్గర పెట్టేసింది. ఇంక నా మాట ఎవరు వింటారండి.”

“నీకు ఎంసెట్‌లో రాలేదా అమ్మా?”

“ఆరు వేల రెండు వందల ర్యాంకండి. కౌన్సెలింగులో కాకినాడ గవర్నమెంటు కాలేజీలో సివిల్ వచ్చింది.”

“మరి అక్కడ చేరావా?”

మంజుష తండ్రి వైపు చూసింది. గంగరాజు సమాధానం చెప్పాడు.

“రాజుగారు పసుపు పెట్టి పిలిచాక ఇంకోచోటికి పంపడం మర్యాద కాదు కదండి. వారి పొలాలకి నీళ్ళెళ్ళేది మా లాకుల మీంచేనండి. మా తాత కాలం నుంచి వారి మాట మేం కాదన్లేదు.”

“కాకినాడలో ఆఖరు తేదీ ఎప్పుడు?”

“నిన్న సాయంత్రం అయిదండి” అంది మంజుష.

ఇంద్రజ ఇంక ఆలోచించలేదు. ఫోను దగ్గరకు లాక్కుని కాకినాడ కాలేజీ నంబరు తిప్పింది. అక్కడి అడ్మిషన్ల గుమస్తా మంచివాడిలాగే ఉన్నాడు. లిస్టు చూసి చెప్పాడు. ఆ అమ్మాయి సీటు ఇంకా ఖాళీగానే ఉంది. రేపు శుక్రవారం పొద్దున్న పదింటికి ఖాళీల లిస్టు కౌన్సెలింగు వాళ్ళకు వెళ్ళిపోతుంది. వెళ్ళాక బ్రహ్మదేవుడు వచ్చినా తిరగదు. ఈలోగా, ఆ అమ్మాయి వేరే విశ్వవిద్యాలయం చేసిన పొరపాటు వల్ల ఆగిపోయిందని ఆ విశ్వవిద్యాలయమే రాసిస్తే, ప్రిన్సిపాల్ గారు ఒకరోజు ఆలస్యం మన్నించవచ్చు. “లెటర్‌హెడ్ మీద ఉండాలండి. సంతకం, సీలు రెండూ ఉండాలి. సీలు లేకపోతే మా సార్ చూడరు. ఇలాంటి కాగితాలు రోజుకి పది తెస్తారు.”

ఆమె ఫోను పెట్టేసింది. ఒక ఉత్తరం రాయాలి, అంతే. కానీ ఏమని రాయాలి? మంజుష అనే ఈ విద్యార్థిని మా దగ్గర సీటుకు దరఖాస్తు చేయలేదు, అయినా పొరపాటున తిరస్కరణ లేఖ పంపాం, అని. ఒక్క అమ్మాయి గురించి ఆ మాట రాస్తే ఏడు వేల అయిదు వందల ఇరవై మంది గురించీ రాసినట్టే. సాయంత్రం అయిదింటికి ఢిల్లీకి వెళ్ళే స్టేట్‌మెంటు మీద, మా అందరివీ దరఖాస్తులేనని అదే చేత్తో సంతకం పెట్టాలి. రెండు కాగితాల మీదా ఒకే మనిషి ఎలా సంతకం పెడుతుంది?

“మేడమ్.” మంజుష ఫైలు బల్ల అంచున పెట్టి, తండ్రికి వినపడకుండా గొంతు తగ్గించింది. “ఒకటి అడగొచ్చాండి? ఆ పరీక్షలో నాకెన్ని మార్కులొచ్చాయండి?”

“ఎందుకమ్మా?”

“లెక్కల్లో అన్నీ రాశానండి. ఫిజిక్సులో రెండు వదిలేశాను. తక్కువొచ్చి ఉంటే అందుకే ఇవ్వలేదని నాన్నకి చెప్పేస్తాను. ఆయన ఊరుకుంటారు.”

ఇంద్రజ మొహం తిప్పుకుంది. సిగ్గనిపించింది, మామూలు సిగ్గు కాదు. ఆ పిల్ల ముందు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లెటర్‌హెడ్ కాగితం ఒకటి తీసుకుని, పక్కనే ఉన్న టైపు మిషను మీద తానే ఆరు లైన్లు కొట్టింది. కింద సంతకం చేసింది. అసలు చిక్కు సీలు దగ్గర. విశ్వవిద్యాలయానికి ఉన్నది ఒకే ముద్ర. అది మాధవరాజు గారి బల్ల సొరుగులో ఉంటుంది. తండ్రీ కూతుళ్ళిద్దరినీ వెంట రమ్మంది.

మెట్లు ఎక్కేటప్పుడు వరుణ్ ఎదురొచ్చాడు. సెల్‌ఫోను చెవి దగ్గర నుంచి తీసి, “మేడమ్, స్టేట్‌మెంటు సైన్ అయిందా?” అన్నాడు. ఆమె చేతిలోని కాగితం చూసి, వెనక ఉన్న ఇద్దరినీ చూసి, కాగితం మళ్ళీ చూశాడు. తలకిందులుగా ఉన్నా అతనికి చదవటం వచ్చు.

“ఇది పైకి తీసుకెళ్ళకండి. నా మాట వినండి. వీళ్ళకి టిఫిను పెట్టించి పంపించేద్దాం.”

“మీరూ రండి వరుణ్. మీకూ పని ఉంటుంది” అంది ఇంద్రజ.

మాధవరాజు గారు అరవై ఏళ్ళ మనిషి. భీమవరం వైపు చేపల చెరువులు, ఇటు రామచంద్రపురం దగ్గర పొలాలు ఉన్నాయి. తండ్రి పేరు నిలబెట్టాలని పన్నెండేళ్ళ కిందట కాలేజీ పెట్టి, రెండేళ్ళ కిందట దాన్ని విశ్వవిద్యాలయం అనిపించారు. చెడ్డవాడని ఎవరూ అనరు. ఎవరెళ్ళి ఏం అడిగినా చూద్దామంటారు, చేద్దామంటారు, కాదని మాత్రం ఆయన నోట రాదు. గంగరాజును చూడగానే మొహం విప్పారింది.

“ఏంటి గంగరాజూ, నీళ్ళు బాగా వదులుతున్నావా? కూర్చో, కూర్చో.”

“పర్లేదండి బాబుగారు.” గంగరాజు కూర్చోలేదు. స్టీలు క్యాను గుమ్మం పక్కన దించి, “జున్నుపాలండి. మా ఆవు మొన్న ఈనింది” అన్నాడు.

ఇంద్రజ కాగితాలు రెండూ బల్ల మీద పక్కపక్కనే పెట్టింది. జూన్‌లో వెళ్ళిన పసుపు ఉత్తరం, ఇప్పుడు కొట్టిన ఆరు లైన్లు. జరిగింది చెప్పింది. మాధవరాజు గారు పసుపు ఉత్తరాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

“పసుపు పెట్టమన్నది నేనే. సీటొచ్చిన వాళ్ళకనుకున్నాను” అన్నారు చివరికి. “రాని వాళ్ళకి అసలు ఉత్తరాలెందుకు రాశారు?”

“తిరస్కరించినట్టు రుజువు కావాలి సర్” అన్నాడు వరుణ్. “ఉత్తరాలు పంపినట్టు పోస్టాఫీసు ముద్ర వేసిన సర్టిఫికెట్లు. ర్యాంకుల సర్వే ఫారంలో కాలమ్ పదకొండు.”

“సరే, పొరపాటు జరిగింది. పసుపు మన తప్పు. కానీ మార్కులు చాలకే కదా పిల్లకి సీటివ్వనిది? అది పొరపాటని ఎందుకు రాయాలమ్మా? ఈ అమ్మాయి పేపరు దిద్దిందెవరు?”

వరుణ్ ఇంద్రజ వైపు చూసి తల చిన్నగా అడ్డంగా ఊపాడు. చెప్పొద్దని. ఇంద్రజ తండ్రీ కూతుళ్ళ వైపు చూసింది. వాళ్ళను బయట కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట ఇది. అలా చెబితే సులువుగా ఉండేది కూడా. ఆమె వాళ్ళ ముందే చెప్పింది.

“ఎవరూ దిద్దలేదండి.”

“అంటే?”

“జనవరిలో కట్టలు వచ్చాయి. కాలేజీల వాళ్ళు వేసిన లక్క సీళ్ళతోనే స్టోరు గదిలో ఉన్నాయి. ఒక్క కట్ట కూడా విప్పలేదు. ఏడు వేల అయిదు వందల ఇరవై పేపర్లు. మనకు కావలసింది వాళ్ళ పేర్లూ అడ్రసులూ. అవి ఫారాల్లో ఉన్నాయి.”

మాధవరాజు గారు వరుణ్ వైపు తిరిగారు. వరుణ్ నేల చూశాడు. “అన్ని పేపర్లు దిద్దించాలంటే రెండు నెలలు పట్టేది సర్. అనవసరం కూడా. ఎలాగూ తీసుకునేది లేదు కదా.”

ఆయనకు తెలియదు. అది ఆయన మొహంలో స్పష్టంగా కనపడింది. తెలియకపోవటం తప్పు కాదా అంటే, ఛాన్సలర్‌కు తప్పే. కానీ ఆ క్షణంలో ఆయన నిజంగానే దెబ్బతిన్నారని ఇంద్రజకు అర్థమైంది. కొంచెం జాలి కూడా వేసింది. ఆ జాలి ఎక్కువసేపు నిలవలేదు.

గంగరాజు రెండడుగులు ముందుకు వచ్చాడు. ఆ మాటల్లో అతనికి అర్థమైంది ఒక్కటే, కూతురి పేపరు ఎవరూ చూడలేదని. దానికి అతను కోపం తెచ్చుకోలేదు, గొంతు పెంచలేదు.

“అయితే మా అమ్మాయిని కాదన్నదెవరండి?”

పేపరు చూసి కాదంటే ఒకడు ఉంటాడు. ఇక్కడ ఎవరూ లేరు, ఒక శాతం ఉంది, అంతే. మంజుష ఫైలును గుండెలకు అదుముకుని కిటికీ వైపు చూస్తోంది. ఆర్నెల్లుగా ఆ పిల్ల తనకు రానివి రెండే ప్రశ్నలని గుర్తుపెట్టుకుని ఉంది.

మాధవరాజు గారు గొంతు సవరించుకున్నారు. కుర్చీలోంచి లేచి వచ్చి గంగరాజు భుజం మీద చెయ్యేశారు.

“బాధెందుకు గంగరాజూ. పిల్లని ఇక్కడే చేరుస్తాను. ఒక సీటు నా చేతిలో ఎప్పుడూ ఉంటుంది. ఫీజు, హాస్టలు, పుస్తకాలు అన్నీ నావి. నాలుగేళ్ళూ నా కూతురిలా చదువుకుంటుంది. కాకినాడ ఎందుకు, ఆ ఉత్తరాలెందుకు? ఏవంటావు?”

వరుణ్ ఊపిరి పీల్చుకున్నాడు. చూస్తే మంచి మాటలాగే ఉంది. మీరూ నేనూ అక్కడుంటే ఒప్పుకునేవాళ్ళమేమో. ఇంద్రజకు కూడా ఒక్క క్షణం ప్రాణం తేలికైంది. పిల్లకు చదువు దొరుకుతుంది, తన సంతకం ఆ ఆరు లైన్ల నుంచి బయటపడుతుంది. అంత తేలికగా సమాధానపడబోయినందుకు మరుక్షణమే తనను తాను తిట్టుకుంది.

గంగరాజు కూతురి వైపు చూశాడు. “ఏవమ్మా?”

“నాకు కాకినాడలో నా ర్యాంకుకి వచ్చింది నాన్నా” అంది మంజుష. అంతకన్నా ఏమీ అనలేదు.

గంగరాజు భుజం మీద రాజుగారి చెయ్యి అలాగే ఉంది. వాళ్ళ తాత, తండ్రి, తను, మూడు తరాలుగా ఆ ఇంటి మాటకు ఆయ్ అనటమే తెలుసు. ఇవాళ పొద్దున్న కూడా అందుకే వచ్చాడు.

“వద్దండి బాబుగారు” అన్నాడు. “మా అమ్మాయికి ఆ ఉత్తరం ఇప్పించండి. చాలు.”

మాధవరాజు గారి చెయ్యి భుజం మీంచి జారింది. ఆయన మెల్లగా వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. కోపం లేదు. ఇంకేదో ఉంది. తనకు ఎన్నడూ జరగనిది ఏదో జరిగినట్టు కాసేపు బల్ల అద్దం తుడిచారు. తర్వాత సొరుగు లాగారు. ఇత్తడి ముద్ర ఇంద్రజకు కనిపించింది. ఆయన దాన్ని బయటకు తియ్యలేదు. సొరుగు మూసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

“ఉత్తరం రాశావు కదమ్మా. బాగానే ఉంది. సీలు రేపు సాయంత్రం వేస్తాను.”

“రేపు పొద్దున్న పదింటికి లిస్టు వెళ్ళిపోతుందండి.”

“నేనేమైనా కాదన్నానా? రేపు సాయంత్రం వేస్తానన్నాను. పోనీ, కాకినాడలో నాకు తెలిసిన వాళ్ళున్నారు, మాట్లాడతాను. ముందు ఢిల్లీ పని కానివ్వండి. ఇవాళ ఆ స్టేట్‌మెంటు వెళ్ళిపోతే మనసు నిమ్మళిస్తుంది. అంతా సర్దుబాటు చేద్దాం.”

అదండీ సంగతి. లేదనటం ఆయన ఇంటావంటా లేదు. ఆయన రేపు సాయంత్రం అంటారు. ఆ రేపు సాయంత్రాల్లో ఎంతమంది పనులు ఆగిపోయి ఉంటాయో ఇంద్రజకు ఇప్పుడు అర్థమవుతోంది. ఒళ్ళు మండింది. అయినా మాట తడబడలేదు.

“మంచిదండి. నేనూ కాదనటం లేదు. స్టేట్‌మెంటు మీద సంతకం రేపు సాయంత్రం పెడతాను.”

వరుణ్ ఉలిక్కిపడ్డాడు. “అయిదింటికి క్లోజ్ అయిపోతుంది మేడమ్. ఇవాళ వెళ్ళకపోతే ఈ ఏడు మనం లిస్టులోనే ఉండం.”

“తెలుసు.”

“ఇంద్రజా” అన్నారు మాధవరాజు గారు. అమ్మా అనలేదు. “ఈ బిల్డింగులో సంతకం చెయ్యటం వచ్చినవాళ్ళు ఇంకో ఇరవై మంది ఉన్నారు.”

“ఉన్నారండి. మార్చి నెలలో సర్వేకు పేరిచ్చినప్పుడు బాధ్యురాలిగా నా పేరూ నా సంతకం నమూనా పంపారు. వాళ్ళు దాంతోనే సరిచూస్తారు.”

ఆయన వరుణ్ వైపు చూశారు. వరుణ్ అవునన్నట్టు తలూపాడు. “ఢిల్లీకి ఫోన్ చేసి పేరు మార్పించు” అన్నారు ఆయన. “ఆవిడకి ఒంట్లో బాగోలేదని చెప్పు.”

బల్ల మీద ఫోను వరుణ్ వైపు జరిగింది. అతను నంబరు నొక్కాడు. గంగరాజు కూతురి పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. అవతల ఎవరో ఎత్తారు. ఇంద్రజ కాకినాడ గుమస్తా చెప్పిన మాటలు గొంతు తగ్గించకుండానే మంజుషకు చెబుతోంది. వరుణ్ చకచకా ఇంగ్లీషులో చెప్పుకుపోయాడు. విశ్వవిద్యాలయం పేరు, అధికారిణికి అనారోగ్యం, మరొకరి సంతకం. మధ్యలో ఆగాడు. విన్నాడు. మళ్ళీ ఏదో చెప్పబోయి ఆగాడు. అతని మెడ మీద చెమట కనపడుతోంది.

రిసీవరు మీద చెయ్యి మూసి, “మార్చటానికి అభ్యంతరం లేదట సర్” అన్నాడు. “కానీ ముందు ఆవిడతోనే రెండు నిమిషాలు మాట్లాడాలంటున్నారు. మన అంకెల గురించి ఏదో అడగాలట. పక్కనే ఎవరో మాట్లాడుతున్న ఆడగొంతు వినిపిస్తోంది, ఆవిడేనా అని అడుగుతున్నారు.”

మాధవరాజు గారు ఇంద్రజ వైపు చూశారు. బెదిరింపు లేదు ఆ చూపులో. పెద్దమనిషి, మొదటిసారి ఎవరినో బతిమాలుతున్నట్టు ఉంది. ఇంద్రజ వెళ్ళి రిసీవరు అందుకుంది. తన పేరు చెప్పింది.

“నమస్కారం మేడమ్” అంది అవతల ఒక స్త్రీ గొంతు, హుషారుగా, ఇంగ్లీషులో. “మీరు కాస్త కోలుకున్నారని ఆశిస్తాను. మీ కన్సల్టెంటు ముందుగా పంపిన అంకెలు చూసి మేమంతా ఆశ్చర్యపోయాం. నూటికి తొంభై ఆరుమందిని కాదన్నారు. దేశంలో పేరున్న సంస్థలు కూడా చాలావరకు అంత గట్టిగా వడపోయలేదు. దీని మీద పత్రికలో ప్రత్యేకంగా ఒక పేజీ ఇద్దామనుకుంటున్నాం. ఒక్కటి చెప్పండి. ఇంతమంది పిల్లల్లో ఎవరు తగినవాళ్ళు, ఎవరు కారు అన్నది మీరు ఏం చూసి నిర్ణయించారు?”

ఇంద్రజ మంజుష వైపు చూసింది. ఆ పిల్ల కూడా ఆమె వైపే చూస్తోంది, ఆ ఇంగ్లీషు ప్రశ్న తనకు వినపడకపోయినా దాని జవాబు తనదేనని తెలిసినట్టుగా.

“మేడమ్, లైనులో ఉన్నారా?” అంది ఢిల్లీ గొంతు.

“ఉన్నానండి” అంది ఇంద్రజ, బల్ల మీది ఆరు లైన్ల కాగితం దగ్గరకు లాక్కుని. “రాసుకోండి, చెబుతాను.”